శోకం ఎత్తేదాకా

"ఈ తప్పెట నా ఇంట్లోకి ఎవరు తెచ్చినారు?"

నా తమ్ముడు నిత్యానందం వాకిట్లో నిలబడి అరుస్తాండాడు. పట్టపగలు. పల్లెలో ఉన్న ప్రతి తలుపూ సందు తెరుచుకుని మా వైపే చూస్తాంది. చూడనీ. మా ఇంట్లో రచ్చ లేకపోతే వాళ్ళకు పొద్దెట్ల పోతాది?

"నేనే తెచ్చినా," అన్నా. "అది మన నాయన తప్పెట. ఆయన పోయినాక నువ్వు బావిలో పడేస్తానంటే తీసుకపోయి నా గుడిసెలో అటక మీద పెట్టుకున్నా. నీ కూతురు అడిగింది, దించి ఇచ్చినా. కొడతావా నన్ను? కొట్టు."

"పోలక్కా, పెద్దదానివని నోరు మూసుకుంటాండా."

"నీ నోరు మూసుకుందంటే ఈ బేస్తవారిపేటలో ఎవడన్నా నమ్ముతాడా?"

వాడు పళ్ళు కొరికినాడు. తెల్ల చొక్కా, గుండీలు మెడ దాకా. ఆ చొక్కా లేకుండా వాడు గడప దాటి ఏండ్లయింది. యేసు సంఘంలో కలిసినాక వాడు నిత్యానందం. అంతకు ముందు నాగులు. నాకు కోపమొస్తే ఇప్పటికీ నాగులే. నేను కలవలేదు, పోలమ్మగానే పుట్టినా, పోలమ్మగానే పోతా.

ఇంట్లో నుంచి ఎలీషబా బయటికి వచ్చింది. చేతిలో లండన్ నుంచి వచ్చిన దొరసాని ఇచ్చిన, పాటలు పట్టే పెట్టె. రెండు చక్రాలు, ఒక రీలు, తీగకు వేలాడే మైకు. ఆంధ్ర రాష్ట్రమన్నారు, రాజధాని కర్నూలన్నారు, మళ్ళీ కాదు హైదరాబాదన్నారు. మా పల్లెకు మాత్రం ఇంకా కిరసనాయిలు బుడ్డే. అందుకని ఆ పెట్టె బ్యాటరీలతో నడిచేది ఇచ్చిపోయింది దొరసాని.

"అత్తను అనబాక నాయనా. అడిగింది నేను."

"నువ్వు అడుగుతావు. నీకేం. నిన్ను ఎవరు కట్టేసి కొట్టినారు?"

"మళ్ళీ ఆ కథేనా?"

"కథనా?"

మా ఎలీషబా గుంటూర్లో బి.ఏ. చదివింది. ఇప్పుడు లండన్లో ఎం.ఏ. సీటు ఇస్తామంటాండారు. సంగీతం, సంస్కృతి అని ఆ చదువు పేరు. పాట నేర్పరంట. ఏ మనుషులు ఎప్పుడు ఏది పాడతారు, ఏది వాయిస్తారు, ఎందుకు అనేది నేర్చుకోవాలంట. మా పల్లెలో ఒక చావు దగ్గర కూచుంటే తెలిసేదానికి లండన్ ఎందుకో నాకు తెలియలే. నేను అడగలే. పిల్ల మొహంలో ఆ వెలుగు చూసినాక ఎట్ల అడుగుతా?

పెండ్లి దరువు, జాతర దరువు వేరేవాళ్ళ చేత కొట్టించి రీలుకు ఎక్కించుకునింది. మిగిలింది పొడుగు చావు దరువు. శవం ఇంటి ముందర ఉన్నప్పటి నుంచి గుంత దాకా నడిచేది. మా నాయన కాడ అది నేర్చుకున్నోడు ఈ భూమ్మీద నా తమ్ముడు ఒక్కడే. "ఆ దరువు మా నాయన కొడతాడు, నేను తెస్తా" అని ఎలీషబా లండనోళ్ళకు రాసిచ్చింది. దొరసాని కంభం బంగళాలో ఉంది. సాయంత్రం రైలుబండికి పోతాది. ఆ లోపల రీలు ఆమె చేతిలో పడాల. పడకుంటే ఆ సీటు ఇంకెవరిదో.

నిత్యానందం తప్పెట వైపు చూడకుండా మాట్లాడుతాండాడు. "ఊర్లో రెడ్డి తల్లి చచ్చినప్పుడు నేను కొట్టడానికి రానన్నా. దేవుని బిడ్డనైనా, ఇంక చావులకు కొట్టనన్నా. బండి చక్రానికి కట్టేసినారు. నీ తల్లి చూస్తాండగా వీపు చీరినారు. దేనికోసం దెబ్బలు తిన్నానో దాన్నే మళ్ళీ చేతికిస్తావా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"వాళ్ళు కొట్టమంటే కొట్టేది వెట్టి. నేను కొట్టమంటే అది కళ."

"తోలు అదే గదమ్మా. చెయ్యి అదే గదా."

జవాబు లేనప్పుడు మా ఇంట్లో అందరికీ నోరు పెరుగుతాది, ఆ పిల్లకూ అంతే.

"నీకు సిగ్గు నాయనా. అంతే. చొక్కా వేసుకుంటే నువ్వు పుట్టిన పల్లె కనపడదనుకుంటాండావు."

"చొక్కా మాట నువ్వే ఎత్తినావు." వాడి గొంతు తగ్గింది. వాడు అరిచినప్పుడు నాకు భయం లేదు, తగ్గినప్పుడు భయం. "పోయిన ఆదివారం దొరసాని ఫోటో తీస్తాంటే, చొక్కా విప్పు నాయనా అన్నావు. రెడ్డి ముందర తప్ప నేను ఎవరి ముందరా విప్పలే. నువ్వు అన్నావని విప్పినా. నిజంగా నువ్వే అన్నావా అని అనుమానపడతానే విప్పినా."

"తప్పెటగాడని రాసినా. తప్పెటగాడు గుళ్ళో పెద్ద మాదిరి గుండీలు పెట్టుకుని నిలబడితే వాళ్ళేమనుకుంటారు?"

"నా వీపు కూడా తీసినారా?"

ఎలీషబా పెట్టె మీద దుమ్ము తుడిచింది.

"అడుగుతాండా. వాతలు పడినాయా ఫోటోలో?"

"పడినాయి," అనింది పిల్ల. "దొరసాని వాటినే దగ్గరికి వచ్చి తీసింది."

గోడ పక్కన నా మరదలు కోటమ్మ చేటలో సజ్జలు చెరుగుతాంది. మొగుడూ కూతురూ ఇట్ల పొడుచుకుంటాంటే ఆ చేట ఆగలే. కోటమ్మ అంతే. పెద్దకొడుకు విషజ్వరంలో పోయినప్పుడు కూడా నోరెత్తి ఏడవలే. పరలోకం మీద నిరీక్షణ ఉన్నోళ్ళు శోకాలు ఎత్తకూడదని సంఘంలో చెప్పినారంట. పిల్లోన్ని గుంతలో పెడతాంటే పెదాలు బిగించుకుని కీర్తన పాడింది. ఆ పొద్దు నేను ఆమెను తిట్టినంత ఎవరినీ తిట్టలే. ఏడవ్వే, ఏడిస్తే నీ దేవుడు కొడతాడా అని తిట్టినా. ఏడవలే.

అప్పుడు సైకిల్ బెల్లు వినపడింది. యేసుబాబు అయ్యగారు, వాళ్ళ సంఘం పాదిరి. మాట మోసినోళ్ళు మోసినారు, ఆయన చెవిలో పడింది. సైకిల్ దడికి ఆనించి, తప్పెట చూసి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోకి వచ్చినాడు.

"నిత్యానందం, ఇది మోగుతాదా, మోగదా? నాకు ఒక మాట చెప్పు, పోతా."

"మోగదు అయ్యగారూ."

"మోగుతాది," అనింది ఎలీషబా.

అయ్యగారు పిల్ల వైపు చూడలే. "తప్పెట మోగిన ఇంటికి ప్రభుబల్ల లేదు. రొట్టె లేదు, రసం లేదు. ఈ కట్టుబాటు నేను పెట్టింది కాదు. నువ్వే పెద్దల్లో కూచొని పెట్టినావు. పోయినేడు గురుస్వామి సొంత అన్న చావుకు కొట్టినాడని వెలి వేసినప్పుడు మొదట చెయ్యి ఎత్తింది నువ్వు. వాడు కాళ్ళు పట్టుకుంటే విదిలించుకున్నావు."

అది నిజమే. నా తమ్ముడు మంచోడు గానీ చేతికి పెత్తనం వస్తే కనికరం ఉండదు. ఎదురింటి గురుస్వామి ఈ మాట వినే ఉంటాడు, వాని తలుపు ఇంకొంచెం తెరుచుకునింది.

"అయ్యగారూ," అనింది ఎలీషబా, "తప్పెట పాపమని తెల్లోళ్ళు చెప్తే మనం మానుకున్నాం. ఇప్పుడు తెల్లోళ్ళే అది కావాల, తెండి అంటాండారు. మధ్యలో మీ కట్టుబాటు ఏంది?"

నాకు నవ్వు ఆగలే. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినా. అయ్యగారి మొహం నల్లబడింది.

"ఇదేనా నీ చదువు? నీ సర్టిఫికెట్టు మీద నేను సంతకం పెట్టినా."

"పెట్టినారు. రెండు తూర్లు తప్పులు దిద్ది మీ చేత పెట్టించినా."

"ఎలీషబా!" అని అరిచినాడు నిత్యానందం. "అయ్యగారి కాళ్ళ మీద పడు. పడి, ఆ పెట్టె తీసుకపోయి దొరసానికి ఇచ్చేసి రా. నీకు ఇక్కడే బడిలో ఉద్యోగం చూస్తా. ఈ ఇంట్లో ఆ చదువు ఊసు ఇంక లేదు."

పిల్ల పెట్టెను అరుగు మీద పెట్టింది. మెల్లగా పెట్టింది, దానికి దెబ్బ తగలకుండా. అప్పుడు అనింది ఆ మాట. మేనత్తనైనా చెప్తాండా, ఆ మాటకు దాని చెంప పగలగొట్టి ఉండాల్సింది.

"గుళ్ళో నువ్వు కీర్తన పాడేటప్పుడు ఎప్పుడన్నా వెనక్కి తిరిగి చూసినావా నాయనా? ఆ రాగం నీ నోట్లో తిరగదు. నువ్వొక దారి, హార్మోనియం పెట్టె ఒక దారి. పిల్లోళ్ళు నోరు మూసుకుని నవ్వుతారు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడు నేను కూడా వాళ్ళ పక్కన కూచొని నవ్వినా. నువ్వు నా నాయనవని చెప్పుకోవాలంటే నాకు నిజంగా గుర్తుండేది ఒకటే. తాత పోయినప్పుడు నువ్వు కొట్టిన దరువు. ఆ పొద్దు నువ్వు మనిషివి. తర్వాత చొక్కావి."

చేట ఆగింది. కోటమ్మ తలెత్తింది. అయ్యగారు కూడా నేల వైపు చూసినాడు.

నిత్యానందం వెనక్కి తిరిగినాడు. ఇంట్లోకి పోయినాడు. కుండలో చెంబు మునిగిన చప్పుడు, నీళ్ళు తాగిన చప్పుడు వినపడినాయి. బయటికి వచ్చినాడు. గుండీలు పై నుంచి ఒకటొకటే తీసినాడు. చొక్కా విప్పి, మడత పెట్టి, గూట్లో ఉన్న బైబిలు మీద పెట్టి వచ్చినాడు. వీపు మీద వాతలు ఎండలో కనపడినాయి. ఏండ్ల తర్వాత చూసినా వాటిని.

"ఇప్పుడు సరిపోయిందా అమ్మా?" అన్నాడు కూతుర్ని చూసి. "కోటా, కాస్త వరిగడ్డి తే."

"నిత్యానందం, ఆలోచించు," అన్నాడు అయ్యగారు.

"చెయ్యి ఎత్తి వెలి వేసినోన్ని అయ్యగారూ. నన్ను ఎట్ల వెయ్యాలో నాకు తెలియదా? రేపు ఆదివారం నేను రాను. మీరు పేరు కొట్టేసుకోండి."

అయ్యగారు దడి బయటికి పోయి సైకిల్ పట్టుకుని నిలబడినాడు. పోలే. మోగిందని కళ్ళారా చూసి చెప్పాల గదా సంఘానికి.

గడ్డి అంటించినారు. నిత్యానందం తప్పెట సెగకు పట్టి తిప్పుతాండాడు, వేలితో తట్టి చూస్తాండాడు, మళ్ళీ తిప్పుతాండాడు. ఇన్నేండ్లయినా ఆ చెయ్యి మరిచిపోలే. కాలిన గడ్డి వాసన, తోలు వాసన కలిసి పల్లె మీదికి పోయినాయి. పగటిపూట ఆ వాసన వచ్చిందంటే మా కాడ ఒకటే అర్థం. ఆడోళ్ళు కొంగు నెత్తిన వేసుకుని ఒక్కొక్కరే దడి కాడికి వచ్చినారు.

"ఎవరు పోయినారు పోలమ్మత్తా?"

"ఎవరూ పోలే. మీ పనులు చూసుకోండి."

పోతారా? ఒక్కరూ కదలలే.

నేను తమ్ముని పక్కకు పోయి చెప్పినా. "ఒరే, చావు దరువు ఊరికే కొట్టకూడదు. నీకు తెలుసు. గడ్డితో బొమ్మ చుడతా. నాయన పేరు పెట్టి పిలువు. చచ్చినోడు మళ్ళీ చావడు, ఎవరికీ కీడు లేదు."

వాడు సరేనని తల ఊపినాడు. ఊపినాడని నేను అనుకున్నా.

మా పల్లెలో పద్ధతి అది. శవం లేకుండా ఆ దరువు మోగితే గడ్డిబొమ్మను పండబెట్టాల. మొదటి దెబ్బకు ముందు ఒక పేరు పిలవాల. పేరు లేకుండా కొడితే ఆ చావు ఇంట్లో ఎవరో ఒకరిని వెతుక్కుంటాది. పేరు పిలిచినాక ఇంటి ఆడది కొప్పు విప్పి శోకం ఎత్తేదాకా చెయ్యి ఆగకూడదు. శోకంతో బొమ్మను సాగనంపితే కీడు ఆ బొమ్మతో పోతాది. శోకం లేకుండా చెయ్యి ఆగిందంటే కీడు పిలిచిన పేరు మీదనే ఉండిపోతాది.

నా పాత కోక చింపి బొమ్మకు చుడతాంటే ఎలీషబా పక్కన కూచునింది. ఇందాక ఆడిన మాటలన్నీ మరిచిపోయింది, కండ్లు మెరుస్తాండాయి.

"అత్తా, మెల్లగా చుట్టు. మొదట తలా, కాళ్ళా? ఇది కూడా రాసుకోవాల నేను. ఎవరూ రాయలేదు దీన్ని."

"నీ నాయన ఈ పొద్దుతో వెలి పడతాండాడే."

"తెలుసు అత్తా. అందుకే ఒక్కతూరికే సరిగ్గా రావాల. రెండోతూరి అడగలేను గదా."

రాయి మాదిరి చెప్పింది. దాని వయసులో నేను కూడా ఇట్లనే ఉంటినేమో, నాకు ఎవరూ పెట్టె ఇయ్యలే.

బొమ్మను వాకిట్లో పండబెట్టినా. నిత్యానందం తప్పెట భుజానికి తగిలించుకున్నాడు, చేతిలో తప్పెట కొట్టే చిర్ర పట్టుకున్నాడు. కోటమ్మ గడప కాడ నిలబడింది, చేట ఇంకా చేతిలోనే ఉంది. ఎలీషబా మీట నొక్కింది. చక్రాలు తిరిగినాయి.

"తిరుగుతాందా?" అన్నాడు నిత్యానందం.

"తిరుగుతాంది నాయనా."

"నా మాట పడతాదా దాంట్లో?"

"నువ్వేం చెప్పినా పడతాది."

"లండన్లో అందరూ వింటారా?"

"అందరూ వింటారు."

వాడు బొమ్మ వైపు చూసినాడు. దడి అవతల అయ్యగారికీ, ఎదురింటి గురుస్వామికీ, పల్లె మొత్తానికీ వినపడేటట్టు గొంతెత్తి పిలిచినాడు.

"నిత్యానందం కూతురు ఎలీషబా పోయిందో..."

మొదటి దెబ్బ పడింది.

"ఒరే నాగులూ! కన్నబిడ్డ పేరురా! నీ చెయ్యి పడిపోనూ, ఆపురా!" అని వాని మీదికి పోయినా. ఆపేదానికి లేదని నాకే గుర్తొచ్చింది. శోకం లేకుండా ఆపితే ఆ పేరు పిల్ల మీదనే నిలబడతాది. నడి వాకిట్లో నా చేతులు నాకే పనికిరాకుండా పోయినాయి.

ఎలీషబా మొహంలో రంగు పోయింది. దాని వేలు మీట మీదికి పోయింది. అందరం చూసినాం. నొక్కితే పెట్టె ఆగుతాది. నొక్కే, నొక్కి ఆ నాయన కాళ్ళ మీద పడు, అని నేను లోపల మొక్కుకుంటాండా. నా జన్మలో దేనికీ అంత మొక్కుకోలే.

వేలు మీట మీద నుంచి వెనక్కి వచ్చింది. మైకును తప్పెటకు ఇంకొంచెం దగ్గరగా జరిపింది.

నిత్యానందం అది చూసినాడు. చూసి నవ్వినాడు. ఆ నవ్వు నేను ఇంక చూడదల్చుకోలే. దరువు నడక మారింది. ఇంటి ముందరి దెబ్బ అయిపోయింది, పాడె లేచే దెబ్బ మొదలైంది. మా నాయన చావుకు వాడు కొట్టింది ఇదే. ఏం దాచిపెట్టుకున్నాడో ఇన్నేండ్లు ఆ చేతుల్లో! దడి కాడ ఆడోళ్ళు కండ్లు తుడుచుకుంటాండారు. బతికున్న పిల్ల ఎదురుగా నిలబడి ఉండగా, ఆ పిల్ల కోసమే ఏడుస్తాండారు. అయ్యగారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకు తీసినాడో ఆయనకే తెలియాల.

అలవాటు తప్పిన చెయ్యి. బొటనవేలి కాడ తోలు లేచింది. తప్పెట మీద ఎర్రగా మరక పడింది. వాడు ఆగలే. చెమట వాతల మీద నుంచి కారతాంది.

"కోటమ్మా," అన్నా నేను. "ఒక్క కేక వెయ్యవే. వాని చెయ్యి ఆగాలంటే నువ్వే దిక్కు."

కోటమ్మ నా వైపు చూసింది. "బతికున్న బిడ్డకు శోకం పెట్టమంటావా వదినా?"

"పెట్టకుంటే కీడు బిడ్డ మీద ఉంటాది."

"పెడితే బిడ్డ నాకు ఉంటాదా?"

నేను కొంగు నోట్లో కుక్కుకున్నా.

"నాయనా, ఆపు," అని కోటమ్మ మొగునితో అనింది, ఎప్పుడూ పిలవని పిలుపు పిలిచింది. వాడు వినలే. వాడు కూతుర్ని చూస్తా కొడతాండాడు. కూతురు రీలును చూస్తాంది. రీలు సగం దాటింది. పొద్దు కంభం వైపు వాలతాంది. బండికి టైమవుతాంది.

ఎలీషబా కండ్లలో నీళ్ళు కారి మెడ మీదికి పోతాండాయి. తుడుచుకోలే. తుడుచుకుంటే మైకు కదులుతాదని కాబోలు. ఏడుస్తానే తల తిప్పి గడప కాడ తల్లిని చూసింది. అప్పుడు దానికి తట్టింది. ఆ తట్టడం నేను చూసినా, చూసి ఉండకూడదు. దరువు దొరికింది. ఇంక దొరకాల్సింది శోకం.

తప్పెట ముందర నుంచి మైకు తీసింది. తీగ నేల మీద ఈడ్చుకుంటా తల్లి దాకా పోయింది. చెయ్యి చాపి మైకు తల్లి నోటి ముందర పెట్టింది.

"అమ్మా, ఎత్తమ్మా," అనింది. "రీలు అయిపోతాంది."

కోటమ్మ మైకును చూసింది. బిడ్డ మొహం చూసింది. పెద్దకొడుకు గుంత కాడ బిగించిన పెదాలు అట్లనే బిగించి ఉండాయి. వెనక దరువు గుంత దాకా వచ్చేసింది.

చేట కింద పెట్టింది. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి కొప్పు విప్పింది.